నలభై ఒకటో రాయి

రెబెకా సంతకం పెట్టబోతుంటే పెన్ను లాక్కున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు పోలీసు కొలువు చేసినదాన్ని. ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదో నాకు తెలుసు.

గురువారం పొద్దున ఎనిమిదీ నలభై. నంద్యాలలో ఏసయ్య సార్ ఇంటి ముందుగది. బల్లకు అటుపక్క సి.ఐ. ప్రేమ్ సాగర్ నిలబడి ఉన్నాడు. బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో రెండు పిడికిళ్లంత తెల్లరాయి, పక్కన సార్ గుడ్డసంచి. రెండూ నిన్న తెల్లవారుజామున వెలుగోడు రిజర్వాయర్ కట్ట మీద, సార్ స్కూటర్ పక్కన దొరికాయి. ఇవి మా నాయనవేనని కూతురు రెబెకా రాసిస్తే, సార్ నీళ్లలో జారిపడ్డాడని సి.ఐ. తేల్చేస్తాడు. తేల్చాక ఇంకెక్కడా వెతకరు.

"రహీమున్నీసా మేడం, మీరు రిటైరయినారు," అన్నాడు ప్రేమ్ సాగర్. "డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకుంటే ఇన్వెస్టిగేషన్‌లో వేలు పెట్టొచ్చని యాడా రాసిలేదు."

"మీ మొదటి పంచనామాలో తప్పులు దిద్దింది ఈ వేలే సార్. ఐదు నిమిషాలు ఆగండి."

ఆగాడు. ఆగక చస్తాడా, దిద్దిన మాట నిజమే కదా.

ఏసయ్య సార్‌కు అరవై ఎనిమిదేళ్లు. బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాక కూడా శనివారాలు పిల్లల్ని కొండవారలకు తీసుకెళ్లి రాళ్లు ఏరిస్తాడు. ఏ రాయి ఎక్కడ దొరుకుతుంది, ఆ నేల ఎవరిది, ఎవరిని అడగాలి, బాట ఎటు, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. చోటుకో నంబరు. ఆ చోట ఏరిన రాయికీ అదే నంబరు. గోడ అలమరలో అలాంటివి నలభై ఉన్నాయి. నలభై ఒకటో చోటు చూసొస్తానని మంగళవారం ఏడింటికి బయల్దేరాడు, తిరిగి రాలేదు. నోటుబుక్కు సంచిలో లేదు.

మనిషికి షుగరు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకోవాలి. రెబెకా నర్సు, లెక్క ఆమెకు బాగా తెలుసు.

"నాలుగు డోసులు పోయినాయి ఆంటీ," అంది మెల్లగా. "ఈపొద్దు దాటితే..."

గజ ఈతగాళ్లు నిన్నటి నుంచి నీళ్లలో శవం కోసం వెతుకుతున్నారు. సార్ నీళ్లలో లేకపోతే, ఎక్కడో బతికి ఉంటే, ఆ వెతుకులాటే ఆయన్ని చంపుతుంది. నాకు కోపం వచ్చింది అందుకే.

"రాయి మీద నలభై ఒకటని రాసుండాది," అన్నాడు ప్రేమ్ సాగర్. "స్కూటర్ కట్ట మీదుండాది. నలభై ఒకటో చోటు ఆ కట్టే. మీటరు కూడా చూసినా. సోమవారం సర్వీసు చేయించిన బిల్లులో ఉండే అంకెకూ ఇప్పటికీ తేడా నలభై ఆరు కిలోమీటర్లు. ఈడినుంచి వెలుగోడు కట్టకు ఇంచుమించు అంతే. ఇంకేం కావాల మీకు?"

అలమర దగ్గరికి వెళ్లాను. రాళ్లన్నీ పగలగొట్టిన పక్క ముందుకు పెట్టి ఉన్నాయి. ఆ పక్క తళతళలాడుతోంది. నంబరు ఏ రాయికీ కనిపించలేదు. ఒకటి తీసి తిప్పాను. ఎండకూ వానకూ మాసిపోయిన వెనకపక్క తెల్లపెయింటు చుక్క, దాని మీద నల్ల ఇంకుతో 17. ఇంకోటి తిప్పాను. అదీ అంతే. పది తిప్పాను.

"రెబెకా, మీ నాయన నంబరు ఎప్పుడేస్తాడమ్మా?"

"ఆదివారం, గుడి నుంచి వచ్చినాక. ముందుదినమే కడిగి ఆరబెట్టిన రాయికి చుక్క పెడతాడు. చుక్క ఆరినాక నంబరు."

"కొండ కాడ వేయడా?"

"యాడ వేస్తాడు? పెయింటు డబ్బా ఈడుంటే. ఆడ పేపర్లో చుట్టి చీటీ పెట్టి తెస్తాడు, అంతే."

కవర్లో ఉన్న రాయి తిప్పి చూశాను. దీని పెయింటు చుక్క పగలగొట్టిన పక్క, మెరిసే పక్క నడిమధ్యలో ఉంది. ఏసయ్య సార్ ఆ పక్క వేలిముద్ర పడితేనే పిల్లల్ని కసురుకునే మనిషి.

"సార్, మంగళవారం ఏరిన రాయికి ఆదివారం వేసే నంబరు ఎట్లొచ్చింది? అది కూడా ముఖం మీద?"

"తొందర పడినాడేమో."

"డబ్బా లేకుండా తొందర పడినాడా?"

రెబెకా కవరు చేతిలోకి తీసుకుంది. తీసుకోగానే ఆమె చెయ్యి కిందికి వంగింది. "ఇంత బరువా? ఇది ముగ్గురాయి ఆంటీ, బెరైటీస్. చూసేదానికి పలుగురాయి మాదిరే ఉంటాది, ఎత్తితే తెలుస్తాది. కట్ట మీద ఇది దొరకదు. గుంతల్లోనే."

"అంటే రాయి నిజంగా మీ నాయన ఏరిందే," అన్నాను. "సంచిలోని చీటీ పారేసి నంబరు ఇంకెవరో వేశారు. ఆ నంబరు తెలిసినవాళ్లు, ఎక్కడ వేయాలో తెలియనివాళ్లు."

ప్రేమ్ సాగర్ టోపీ పెట్టుకున్నాడు. "పెయింటు చుక్క చూసి పన్నెండుమంది ఈతగాళ్లను వెనక్కి పిలిస్తే రేపు నా ఉద్యోగం ఉండదు మేడం. సాక్షిని తీసుకురండి, మాట్లాడదాం."

అతను వెళ్లాక రెబెకాను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "సుత్తి ఏదమ్మా?"

"సంచిలో లేదు. స్కూటర్లో లేదు. ఎప్పుడూ నడుముకే కట్టుకోనుంటాడు." ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకుంది. "కొండల్లో పిల్లోళ్లు చెదిరిపోతే అరవడు ఆంటీ. రాయి మీద సుత్తితో మూడు దెబ్బలు కొడతాడు, ఆగి ఇంకోటి. విన్నోళ్లు అట్లే తిరిగి కొట్టాల. నాకు చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. రెండు రాత్రుళ్లుగా చెవుల్లో అదే ఉండాది."

*

తొమ్మిదీ యాభైకి శిరివెళ్లలో ఉన్నాను. మోకాళ్లు సహకరించకపోయినా స్కూటీ సహకరిస్తుంది, అల్లా దయ. ముగ్గురాయి గుంతలు ఆళ్లగడ్డ వైపే. అటు పోయే రోజుల్లో సార్ టీ తాగేది ఇక్కడ దేవమ్మ కొట్లోనే అని రెబెకా చెప్పింది.

సార్ సంగతి అడిగితే దేవమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే మాట్లాడింది. "మంగళారం వచ్చినాడు మా. నాకు బాగా గురుతు."

"మంగళవారమే అని ఎట్లా చెప్తావు? సోమవారం కావచ్చు కదా?"

"గ్యాసు అయిపోయిండె. నాకు నంబర్లు నొక్కేది రాదు. సారే నా ఫోన్ తీసుకోని బుక్ చేసిపెట్టినాడు. కట్టెల పొయ్యి టీ పొగ వాసనొస్తాందని నవ్వినాడు కూడా."

ఫోన్ అడిగి తీసుకున్నాను. బుకింగ్ మెసేజి అలాగే ఉంది. మంగళవారం, పొద్దున ఎనిమిదీ ఆరు నిమిషాలు.

"ఇంకేం మాట్లాడినాడమ్మా?"

"నలభై ఒకటో చోటు దొరికిందని సంబరపడినాడు. ఈ శనారం పిల్లోళ్లను తోలుకపోతా, వానలకు ముందే అందరికీ చూపించాలనె. ఆడ ఎవురో కొత్తగా తవ్వుతాండారంట, పిల్లోళ్లు పడతారు, ఆపమని చెప్పల్లనె. ఆళ్లగడ్డలో చెన్నకేశవులును తోడు తీసుకోని పోతానని చెప్పినాడు."

"చెన్నకేశవులు ఎవరు?"

"బొమ్మలు చెక్కిస్తాడే, ఆయప్ప. సారుకు రాళ్ల స్నేహం." ఆమె కళ్లెత్తింది. "సారు బాగుండాడా మా?"

"చూస్తాను," అన్నాను. అంతకన్నా ఏం చెప్పగలను?

మెసేజి ఫొటో తీసి ప్రేమ్ సాగర్‌కు పంపి, ఫోన్ చేశాను.

"సాక్షి కావాలన్నారు. ఎనిమిదీ ఆరుకు సార్ శిరివెళ్లలో ఉన్నాడు. ఇక్కడికొచ్చి వెనక్కి తిరిగి వెలుగోడు పోవాలంటే మీటరు దాదాపు రెట్టింపు చూపించాలి. నలభై ఆరే చూపించింది. ఇంటినుంచి ఆళ్లగడ్డకూ ఇంచుమించు అంతే. అంటే స్కూటర్ ఆళ్లగడ్డ దాకా నడిచింది. అక్కడినుంచి కట్ట మీదికి ఏదో బండెక్కి పోయింది."

అవతల నీళ్లలో ఈతగాళ్లు కేకలేసుకోవడం వినిపించింది.

"ఈడ పని అయినాక చూస్తా," అని పెట్టేశాడు.

*

చెన్నకేశవులు షెడ్డు ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే. నేను చేరేసరికి పదీ యాభై. కట్టర్ల చప్పుడు, ముక్కుల్లోకి దుమ్ము. సగం చెక్కిన నందులు వరసగా కూర్చుని ఉన్నాయి. చెన్నకేశవులు నెమ్మదస్తుడు, యాభై ఐదేళ్లుంటాయి. కుర్చీ తుడిచి మరీ వేశాడు.

"ఏసయ్య సార్ బంగారట్లాంటి మనిషి అమ్మా. ఇట్లయితాదని ఎవురనుకుంటారు?"

"ఎట్లయింది?"

"రిజర్వాయర్లో పడినాడంట కదా. పేపర్లో రాసినారు."

"మంగళవారం నీ దగ్గరికి వచ్చినాడా?"

"రాలేదమ్మా. నెల దాటింది చూసి."

"నీకు ఫోనైనా చేయలేదా?"

"చేయలేదు."

"మంగళవారం నువ్వు యాడుండావు?"

"ఈడనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. పనోళ్లను అడగండి." అతని గొంతు ఎక్కడా తడబడలేదు. అబద్ధం చెప్పేవాళ్లు తడబడతారనేది కథల్లోనే. నా సర్వీసులో చూసిన గట్టి అబద్ధాలన్నీ నింపాదిగానే చెప్పారు.

ఫోన్ మోగితే అతను లోపలికి వెళ్లాడు. నేను లేచి షెడ్డంతా తిరిగాను. వెనకవైపు, చెక్కగా రాలిన రాతిముక్కల గుట్ట ఉంది. ఎన్నేళ్లుగా పేరుకుందో, దాని మీద ముళ్లకంపలు మొలిచి ఉన్నాయి. అలాంటి గుట్టకు ఒక పక్క పెద్ద బొక్క పడింది. కంపలు నలిగి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఏళ్లతరబడి ఎవరూ ముట్టుకోని చెత్త మీద ఈ రెండు రోజుల్లో ఎవరికో శ్రద్ధ పుట్టింది.

గుట్ట దగ్గర ట్రాక్టరు ట్రాలీకి ఒకతను ముక్కలు ఎత్తుతున్నాడు. పాతికేళ్లుంటాయి. సలాం చెప్పాడు. పేరు ఇమామ్ అన్నాడు.

షెడ్డు గోడ వెంట చెక్కని బండలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద తెల్లపెయింటుతో నంబరు. 8, 11, 14. అన్నీ ముందుపక్క, నునుపైన పక్క, నడిమధ్యలో.

"ఇమామ్, నంబరు ముందేస్తారేందప్పా? బొమ్మ చెక్కేది ఆ పక్కే కదా?"

"అందుకే ఖాలా. మొగం యా పక్క వస్తాదో ఆ పక్కే నంబరెయ్యల్ల. యెనక ఏస్తే చెక్కేటోడు తిరగేసుకోని మొగం యెనకపక్క పెడతాడు. పెయింటుదేముంది, చెక్కితే పోతాది."

"నంబర్లు ఎవరేస్తారు?"

"అన్నే ఏస్తాడు. ఇంకెవుర్నీ డబ్బా ముట్టనియ్యడు."

ఏసయ్య సార్ ముఖం కాపాడటానికి వెనక రాస్తాడు. ఇతను ముఖం ఎటో గుర్తుండటానికి ముందు రాస్తాడు. ముప్పై ఏళ్ల అలవాటు ఆలోచించి చేసేది కాదు. దొంగ నంబరు వేసేటప్పుడు కూడా చెయ్యి దానంతటదే ఆ పక్కకే పోయింది.

"ఈ ముక్కలు ఎక్కడ పోస్తున్నావు?"

ఇమామ్ నోరు తెరిచేలోపు చెన్నకేశవులు వెనకనుంచి వచ్చాడు. "బేగా కానీరా. ఎండ ముదురుతాంది." నా వైపు తిరిగి నవ్వాడు. "టీ తెప్పిస్తానమ్మా."

"వద్దన్నా. మోకాళ్ల నొప్పులు. పోయి పడుకుంటా."

రోడ్డు మలుపు దాకా వెళ్లి, ఒక వేపచెట్టు కింద స్కూటీ ఆపి, మళ్లీ ప్రేమ్ సాగర్‌కు చేశాను. చూసింది చూసినట్లు చెప్పాను.

"రాయికి నంబరు ఏ పక్కుందో చూసి మనిషిని అరెస్టు చేయమంటారా?"

"అరెస్టు వద్దు సార్. ఈ ముక్కలు ఎక్కడ పోస్తున్నారో సార్ అక్కడే ఉంటాడు. జేసీబీ ఒకటి, అంబులెన్సు ఒకటి కావాలి. అరెస్టు సాయంత్రమైనా చేసుకోవచ్చు. ఆ పిల్ల నాలుగు డోసులంటోంది. మీకూ నాయనుండాడు కదా?"

"గ్యాసు మెసేజి చూసినా మేడం. మీటరు నేనే తప్పు చదివినా." ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. "బయల్దేరుతాండా. గంటన్నర పడతాది. లొకేషన్ పెట్టండి. ఒక్కరే పోవద్దు."

ట్రాక్టరు నా ముందునుంచే కొండలవైపు వెళ్లింది. ఒక్కదాన్నే దాని వెనక వెళ్లాను.

*

పదకొండూ నలభైకి బాట ఆగిపోయింది. ప్రేమ్ సాగర్‌కు లొకేషన్ పంపాను. ఎవరూ సాగుచేయని మిట్ట. దాని అంచున రెండు నిలువుల లోతు పాత గుంత. గుంతకు ఒక పక్క గోడలో నల్లరాయి బయటపడి ఉంది, దాని మీద కట్టర్ గీతలు కొత్తగా, తిన్నగా ఉన్నాయి. దొంగతనంగా రాయి తీస్తున్న చోటు ఇదే. పది అడుగుల దూరంలో ఫారెస్టువాళ్ల హద్దురాయి ఉంది. శనివారం పాతికమంది పిల్లలు ఇక్కడికొచ్చి ఉంటే, సాయంత్రానికి ఆళ్లగడ్డ మొత్తానికి తెలిసేది. చెన్నకేశవులు జైలుకు పోయేవాడు.

ఇమామ్ ట్రాలీని గుంత అంచుకు వెనక్కి పెడుతున్నాడు. స్కూటీని అడ్డం పెట్టాను.

"ట్రాలీ ఎత్తొద్దప్పా."

ఇంజను ఆపి దిగాడు. "ఏందీ ఖాలా, ఈడికొచ్చినావు?"

"ఎన్ని లోడ్లు పోసినావు?"

"మూడు. మంగళారం సాయంత్రం ఒగటి, నిన్న రెండు. ఇది నాలుగోది. గొడ్లు పడతాండాయి, పూడ్చమని అన్న చెప్పినాడు."

"ఇంతకుముందు ఇది ఏం గుంత?"

"ముగ్గురాయి గుంత. మా తాతల కాలంది. అడుగున పక్కకు సొరంగం కూడా ఉండాది, చిన్నప్పుడు గొర్రెలు తోలుకోనొచ్చి అండ్లో దాక్కునేటోళ్లం." గుంతలోకి చూపించాడు. "ఆడ. ఆ ముక్కల కింద."

ముక్కల వాలు సొరంగం ఉండాల్సిన చోటుకు సరిగ్గా ఎదురుగా జారి ఉంది. మంగళవారం చెన్నకేశవులు సార్‌ను కొట్టో, తోసో లోపలికి ఈడ్చి, చచ్చాడనుకుని మూత పెట్టించాడు. అలా అనుకున్నాను. చచ్చాడనే నేనూ అనుకున్నాను, అబద్ధం చెప్పను.

"ఇమామ్, ఏసయ్య సార్ తెలుసా నీకు?"

"తెలీకేం? నాకు ఏడో తరగతి చెప్పినాడు. శనారం శనారం రాళ్లకు తోలుకపోయేటోడు. వెలుగోడులో..." అక్కడ ఆగిపోయాడు. గుంత వైపు చూశాడు. నా వైపు చూశాడు. "వెలుగోడులో కదా సారు పడింది?"

నేనూ గుంత వైపే చూశాను.

అతను ట్రాక్టరు సామాన్ల పెట్టెలోంచి సుత్తి తీశాడు. నేను చెప్పకముందే, అంచున ఉన్న బండ మీద కొట్టాడు. మూడు దెబ్బలు. ఆగాడు. ఇంకోటి.

ఏమీ లేదు. ఎండ, గాలి, అంతే.

మళ్లీ కొట్టాడు. మూడు. ఆగి, ఒకటి.

నేను గుంతలోకి దిగి, ముక్కల మీద చెవి ఆనించాను. ఈ మోకాళ్లతో ఎలా దిగానో నాకు తెలియదు. చాలాసేపు నా గుండె చప్పుడే వినిపించింది. తర్వాత, లోపల ఎక్కడో, ఇనుము రాయికి తగిలింది. ఒకటి. చాలా ఆలస్యంగా రెండు. ఇంకా ఆలస్యంగా మూడు.

"వినపడిందా ఖాలా?"

"దిగు," అన్నాను. "బేగా దిగు."

అతను దూకాడు. పై ముక్కలు పట్టుకుని వెనక్కి విసరడం మొదలుపెట్టాడు, వేళ్లు తెగుతున్నా చూసుకోలేదు. "మూడు లోడ్లు నేనే పోసినా ఖాలా," అంటున్నాడు. "సారు మీద నేనే పోసినా." ఆ మాటే పదేపదే అంటున్నాడు. నేను ఆపమనలేదు. ఓదార్చడానికి టైం లేదు.

అతని జేబులో ఫోన్ మోగింది. తెర మీద 'అన్న' అని ఉంది. స్పీకరు పెట్టమని సైగ చేశాను.

"పోసినావా?" చెన్నకేశవులు గొంతు అంతే నింపాదిగా ఉంది.

ఇమామ్ నన్ను చూశాడు. కన్నీళ్లు దుమ్ములో చారలు కట్టాయి. "పోస్తాండా అన్నా."

"ఆ పోలీసామె అట్ల వచ్చిందా? స్కూటీ ఇంటి దిక్కు కాకుండా కొండ దిక్కు పోయిందంట."

"ఎవురూ రాలేదన్నా."

"ఉండు. నేనొస్తాండా. దావలోనే ఉండా."

ఫోన్ ఆగింది. ప్రేమ్ సాగర్ రావడానికి ఇంకా ముప్పావుగంట పైనే ఉంది. పైకెక్కి చూశాను. బాట చివర దుమ్ము లేస్తోంది, చిన్న లారీ ఒకటి మిట్ట ఎక్కుతోంది. నంబరు పలక దాకా కనిపించే దూరం.

వెనక్కి తిరిగి గుంతలోకి చూశాను. ఇమామ్ చేతులు ఆపి, ముక్కల మీద చెవి పెట్టి, నాలుగోదాని కోసం ఎదురుచూస్తున్నాడు. నాలుగోది ఇంకా రాలేదు.

"పని ఆపొద్దు," అన్నాను. "ఏది జరిగినా తలెత్తి చూడొద్దు. రాళ్లు తీస్తానే ఉండు."

అతని సుత్తి అంచున ఉంది. తీసుకున్నాను. బాట మధ్యకు వెళ్లి లారీకి ఎదురుగా నిలబడ్డాను. భయం వేసింది, వేయలేదంటే అబద్ధం.

అప్పుడు నా వెనక, నేల కిందినుంచి, ఒక్క దెబ్బ వినిపించింది.